మంగళవారం ఊరని బావి

ఇంతవరకు నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. వేలూరు బాగాయంలో మేముండే లేఅవుటు సంఘానికి మూడుసార్లు తమిళంలో రాసి ఇచ్చాను. మొదటి ఫిర్యాదును కార్యదర్శి నా ఎదుటే నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపాడు. బల్ల ఊగడం ఆగింది. అంతవరకు నా ఫిర్యాదు వల్ల సంఘానికి మేలు జరిగిందని ఒప్పుకుంటాను. రెండోది ఏమైందో తెలియదు. మూడోదానికి "చూస్తాం సార్" అన్నాడు. చూశాడో లేదో చెప్పలేదు. తమిళంలో రాస్తే జవాబు రాలేదు కనుక ఇప్పుడు తెలుగులో రాస్తున్నాను. మా లేఅవుటులో తెలుగు మాట్లాడే ఇళ్ళు సగానికి పైగా ఉన్నాయి, తెలుగు చదవడం వచ్చిన ఇల్లు మాత్రం నాకు తెలిసి మాదొక్కటే. దానివల్ల పెద్ద తేడా ఉండదు. చదవడం వచ్చిన భాషలో రాసినప్పుడూ ఎవరూ చదవలేదు.

విషయం నీళ్ళ బిల్లు. అయితే నేను అడుగుతున్నది డబ్బు కాదు. బిల్లు కట్టేశాను. మా అక్క కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు, ఆ చెయ్యి గురించి అడుగుతున్నాను. నీళ్ళ బిల్లుకూ చేతికీ సంబంధమేమిటని కార్యదర్శి రెండుసార్లు అడిగాడు. సంబంధం ఉంది. వరసగా చెబుతాను.

మా లేఅవుటుకు సొంత బోరుంది. వీధి చివర ఎత్తైన స్తంభాల మీద పెద్ద తొట్టి, అక్కడినుంచి ఇంటింటికీ పైపు, ప్రతి గేటు పక్కనా ఒక మీటరు. పొద్దున పాల ప్యాకెట్లు వచ్చే వేళకు నీళ్ళు వదులుతారు, టిఫిన్ల వేళ దాటాక కట్టేస్తారు. మంగళవారం వదలరు. ఆ రోజు మోటారుకు విశ్రాంతి అని సంఘం తీర్మానం చేసింది. నీళ్ళు మీటరు దాటి, గోడ వెంట పైకెక్కి, నేరుగా మిద్దె మీది ట్యాంకులో పడతాయి. ట్యాంకు నిండగానే లోపలి ప్లాస్టిక్ బంతి తేలి కుళాయిని మూస్తుంది. బంతి మొరాయిస్తే కుళాయి మూసుకోదు. అప్పుడు ఎక్కువైన నీళ్ళు ట్యాంకు పైఅంచున పెట్టిన గొట్టంలోంచి బయటికి పోతాయి. కథ ఈ గొట్టంతో మొదలైందని మా ఆవిడ అంటుంది. కాదు, పక్కింటాయనతో మొదలైంది.

పక్కింటాయనే సంఘం కార్యదర్శి. మా ఇద్దరి సొంతూరూ గుడియాత్తమే. బజారులో మా నాయన అంగడి, వాళ్ళ నాయన అంగడి ఎదురెదురుగా ఉండేవి. డబ్బు సంగతి మాట్లాడేటప్పుడు ఆయన నన్ను సార్ అంటాడు, ఎగతాళికి అప్పా అంటాడు. ఆయన పెరట్లో, మా ప్రహరీని ఆనుకుని, ఈ స్థలమంతా చేనుగా ఉన్ననాటి బావి ఒకటుంది. ఎండిపోయిన బావి. ఇల్లు కట్టేటప్పుడు పూడ్చమని మేస్త్రీ చెప్పినా వినలేదు. చాలాకాలం దాని అడుగున ఒక విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, రాజుగారు ఇప్పుడే లేచి వెళ్ళినట్టు, నిటారుగా కనిపిస్తుండేది.

మా మనవడికి పేరుపెట్టిన రోజు మిద్దె మీద పందిరి వేశాం. గుడియాత్తం నుంచి, ఆంబూరు నుంచి చుట్టాలందరూ వచ్చారు. సరిగ్గా వడ్డన మొదలయ్యేసరికి మా ట్యాంకు పొంగి, గొట్టంలోంచి నీళ్ళు ధారగా కార్యదర్శి గోడ మీద పడ్డాయి. ఆయన తన మిద్దె మీదికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా, నీ మాదిరే నీ ట్యాంకికీ ఆగేది ల్యా? దాన్ని కూడా డాక్టరు కాడికి పిలుచుకుపో" అన్నాడు.

నాకు షుగరుంది. విస్తరి ముందునుంచి మధ్యలో లేచి వెళ్ళే అలవాటుందని చుట్టాలందరికీ తెలుసు. అందరూ నవ్వారు. మా అక్క భర్త, అంటే మా బావ, అందరికంటే గట్టిగా నవ్వాడు. బావకూ అదే జబ్బుంది.

మరునాడే ప్లంబరును పిలిపించి, ఆ గొట్టాన్ని తిప్పి, మిద్దె మీది వాన నీళ్ళు దిగే పైపులో కలిపించాను. ఈ రాష్ట్రంలో ఇల్లు కట్టిన ప్రతివాడూ తవ్వినట్టే నేనూ వాన నీటి గుంత తవ్వించాను. కంకర, ఇసుక నింపి, పైన సిమెంటు పలక మూసిన గుంత. అది ప్రహరీ పక్కనే ఉంది. వాన పైపు అందులోకి దిగుతుంది. ఇక మా ట్యాంకు పొంగినా ఒక్క చుక్క ఆయన గోడ మీద పడదు. ప్లంబరు పని చేసి వెళ్ళిపోయాడు, ఏమీ అనలేదు. అనివుంటే అదీ గుర్తుండేది.

ఎండలు ముదరకముందే అక్క వచ్చింది. అక్కావాళ్ళది గుడియాత్తంలో పసుపు, కుంకుమ, కర్పూరం అమ్మే అంగడి. పెళ్ళయిన నాటినుంచి బావతో సమానంగా గల్లాలో కూర్చున్న మనిషి. ఆమె కుడిభుజం పట్టేసింది. మొదట పైఅరలోని కర్పూరం డబ్బా అందలేదు, తర్వాత జడ అందలేదు. కొప్పు చుట్టుకోవడానికి ఇంకొకరి చెయ్యి కావలసి వచ్చినప్పుడు వేలూరికి బయల్దేరింది. అంతవరకు నొప్పి అని కూడా చెప్పలేదు. ఆసుపత్రిలో చూసి, రోజు మార్చి రోజు వచ్చి వ్యాయామం చేయించుకోవాలని, మధ్యలో మానేస్తే భుజం అక్కడే బిగుసుకుపోతుందని, మళ్ళీ మొదటినుంచి రావాలని చెప్పారు. అన్నిసార్లు గుడియాత్తం నుంచి బస్సులో వచ్చిపోవడం ఆ చేత్తో అయ్యే పని కాదు. మా ఇంట్లో ఉంది.

అక్కకు ఒక పద్ధతుంది. ఆసుపత్రి గడప తొక్కి వస్తే ఆ బట్టలతో ఇంట్లోకి రాదు. పక్క సందులోంచి నేరుగా పెరటి స్నానాలగదికి పోయి, తలమీద నీళ్ళు పోసుకుని, కట్టుకున్న చీర తడిపి ఆరేశాకే వంటింటి ముఖం చూస్తుంది. మా అమ్మా అంతే, అమ్మమ్మా అంతే. ఆసుపత్రి ఎంత శుభ్రంగా ఉన్నా ఆమెకు అనవసరం. "వాళ్ళ శుభ్రం వాళ్ళది, మన శుభ్రం మనది" అంటుంది.

ఆ నెల బిల్లు మామూలుకు రెండింతలు వచ్చింది. పై నెల మూడింతలు దాటింది. గేటు దగ్గర కార్యదర్శిని పట్టుకుని మీటరు చెడిపోయిందన్నాను.

"మీటర్లకేం రోగం సార్, మనుషులకు గదా వచ్చేది" అన్నాడు. తర్వాత మా వరండా వైపు చూశాడు. అక్క కుర్చీలో కూర్చునుంది, మా ఆవిడ వెనక నిలబడి ఆమె తల దువ్వుతోంది. ఆయన గొంతు తగ్గించలేదు. "ఇంట్లో మనిషి ఎక్కువైనారు గదా. గుడియాత్తం మడి నాకు తెలీదా సార్? మునిగి, లేచి, మళ్ళా మునిగేవాళ్ళు. పాలారు ఏట్లో నీళ్ళు యాడికి పోయినాయనుకుంటా ఉండారు మీరు?"

గేటు బయట కూరగాయల బండి దగ్గర ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ళు నవ్వారు. దువ్వెన ఆగిపోయింది. అక్క, "కానీ అమ్మా, దువ్వు" అంది మా ఆవిడతో.

ఆ రోజునుంచి అక్క సగం బక్కెట్టుతో స్నానం చేసింది. నేను చూశాను. అసలు నా వాదన అదే. భుజం దాటి చెయ్యి లేవని మనిషి తలమీద ఎన్ని చెంబులు పోసుకోగలదు? ఎడంచేత్తో పోసుకుంటే సగం నేలమీద పడుతుంది. మా ఆవిడ లోపలికి వెళ్ళి పోస్తే తప్ప తల తడవదు. ఆ మాట రుజువు చేయడానికి నేను స్నానాలగది బయట స్టూలు వేసుకుని కూర్చుని, లోపలికి పోయే బక్కెట్లు లెక్కపెట్టాను. అక్క పక్షాన లెక్కపెట్టాను. సంఘం ముందు పెట్టడానికి సాక్ష్యం కావాలి కదా. తలుపు తీసి చూసిన అక్క మొహం మాత్రం వేరుగా ఉంది.

"ఏమిరా, యాడ కూర్చోనుండావు?" అంది.

"నీకోసమే అక్కా" అన్నాను.

"తెలస్తానే ఉండాది" అంది.

మీటరు సంగతీ వదల్లేదు, మొదటి ఫిర్యాదు దాని మీదే. ఒక మధ్యాహ్నం ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ఎండలో గొడుగు పట్టుకుని మీటరు ముందు కూర్చున్నాను. ముల్లు కదల్లేదు. కుళాయిలు కట్టేస్తే ముల్లు ఆగింది కనుక ఇంట్లో ఎక్కడా కారడం లేదని తేల్చాను. కార్యదర్శి కూడా అదే తేల్చాడు. మధ్యాహ్నం వేళ పైపులో నీళ్ళే ఉండవన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. నీళ్ళులేని పైపు ఎన్ని చిల్లులు పడ్డా కారదు. నాకు తోచకపోవడం వేరు, నీళ్ళు వదిలే సంఘానికి కార్యదర్శి అయినవాడికి తోచకపోవడం వేరు.

తర్వాత కక్కసు గదిలోని ఫ్లష్ ట్యాంకు మీద అనుమానం వచ్చింది. అది కారుతుందో లేదో తెలుసుకోవాలంటే అందులో రంగు కలిపి, కదిలించకుండా ఉంచి, కింది తెల్లటి గిన్నెలోకి రంగు దిగిందేమో చూడాలని ఎవరో చెప్పగా విన్నాను. ఇంట్లో రంగు లేదు. దేవుడి అలమరలో అక్క అంగడినుంచి తెచ్చిన కుంకుమ పొట్లం ఉంది. మంచి సరుకు, నీళ్ళలో వేస్తే ఎర్రగా దిగుతుంది. రెండు చెంచాలు కలిపాను.

పరీక్ష ప్రకారం ఫ్లష్ ట్యాంకులో దోషం లేదు. గంటసేపయినా గిన్నె తెల్లగానే ఉంది. ఆ తర్వాత మామూలుగా లోపలికి వెళ్ళిన అక్క గొలుసు లాగింది.

గిన్నె నిండా కుంకుమ ఎరుపు దిగింది. అక్క బయటికి వచ్చి, దేవుడి అలమర తెరిచి, విప్పిన పొట్లం చూసి, దాన్ని ఎడంచేత్తోనే మళ్ళీ మడిచి తన సంచిలో పెట్టుకుంది.

"నలబై ఏండ్లుగా అమ్ముతా ఉండాను నాయనా. ఎవరెవరో ఏమేమిటికో కొనుక్కోని పోయినారు. ఇందుకు మాత్రం ఎవరూ కొన్లేదు" అంది.

"తెలుసుకోవాలంటే ఇంకేం కలపాలి అక్కా?"

"ఏం తెలుసుకోవాల? నేను వచ్చినాను, బిల్లు వచ్చింది. నేను పోతే బిల్లు పోతాది. దానికి మించిన పరీక్ష ఏముండాది?"

మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని, "వదినా, ఇంకా సగం కూడా కాలేదు వైద్యం. చెయ్యి అట్లే నిల్చిపోతాదంట" అని బతిమాలింది.

"నిల్చిపోనీ అమ్మా. అంగట్లో పొట్లం కట్టేదానికి భుజం దాకా లేస్తే సాలు" అంది అక్క. ఆ సాయంత్రమే బస్సెక్కింది. ఎక్కేముందు, జారతానని చెప్పులు విప్పి, బస్సు పైమెట్టు మీద పెట్టి, ఎడంచేత్తో కడ్డీ పట్టుకుంది. కుడిచేత్తో పట్టుకోలేదు.

ఆమె వెళ్ళిపోయాక వచ్చిన నెల బిల్లు చూశాను. ఒక్క అంకె తగ్గలేదు. ఇంకొంచెం పెరిగింది. అది తీసుకుని కార్యదర్శి ఇంటికి వెళ్ళాను. అదే రెండో ఫిర్యాదు. అప్పుడాయన ఇంట్లో లేడు, పెరట్లో ఉన్నాడు. బావి గట్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి ఉన్నాయి. వీధిలో వాళ్ళందరూ చేతుల్లో పొంగలి దొన్నెలతో బావిలోకి తొంగిచూస్తున్నారు. నేనూ చూశాను. కుర్చీ కనిపించలేదు. దాని మీద నీళ్ళున్నాయి.

"దా అప్పా, దా. మన ఊరి గంగమ్మ వచ్చి చేరింది" అన్నాడు కార్యదర్శి. ఎగతాళి లేకుండా అప్పా అనడం అదే మొదటిసారి. "మొక్కుకున్నా. పసుపునీళ్ళు మోసినా. ఇన్నేండ్లు ఎండిన కెణరులో, ఈ బావిలో ఊట పడింది, అదీ ఇంత ఎండలో. ఊరంతా బోర్లు దిగిపోతా ఉంటే నాకు పైకి వస్తా ఉండాది." సంఘం నీళ్ళు వాడటం తాను దాదాపు మానేశానని, పొదుపంటే ఏమిటో తనను చూసి నేర్చుకోవచ్చని అందరికీ వినిపించేటట్టు చెప్పాడు. చెప్పేటప్పుడు నన్నే చూశాడు.

పొంగలి తీసుకున్నాను. తినలేదు, నాకు షుగరుంది.

"ఎప్పుడెప్పుడు ఊరుతాది?" అని పక్కనున్న ఒకామె అడిగింది.

"అదే గదమ్మా మహిమ. తెల్లారి పాలు వచ్చే టైముకు మొదలవుతాది. చెవి పెడితే గోడలో గలగలమని వినపడతాది. టిఫిన్ తినే టైముకు నిల్చిపోతాది. మళ్ళా మర్నాడే. మంగళవారం మాత్రం రాదు. ఆ రోజు అమ్మవారు కదలదు, ఉగ్రంగా ఉంటాది."

అక్కడ చాలామంది ఉన్నారు. అందరి ఇళ్ళలోనూ అదే వేళకు నీళ్ళొస్తాయి, అదే వేళకు ఆగిపోతాయి, అదే రోజు రావు. ఒక్కరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సంఘం మోటారూ గంగమ్మా ఒకే రోజు సెలవు పెడుతున్నారని తట్టడానికి ఆ నీళ్ళ బిల్లు తానే కడుతున్నవాడు కావాలి.

"ఏ పక్కనుంచి వినపడతాది?" అని నేను అడిగాను.

ఆయన మా ప్రహరీ వైపు చెయ్యి చూపాడు. "తూర్పునుంచి. మంచి దిక్కు" అన్నాడు.

మరునాడు బుధవారం. నీళ్ళు వదిలే వేళకు మిద్దె ఎక్కి ట్యాంకు మూత తీశాను. నిండింది. బంతి తేలలేదు. దానికి పగులు వచ్చి లోపల నీళ్ళు చేరాయి, సగం మునిగి ఒరిగిపోయి ఉంది. కుళాయిలోంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. పడిన నీళ్ళు పడినట్టే గొట్టంలోకి, అక్కడినుంచి వాన పైపులోకి, చప్పుడు లేకుండా పోతున్నాయి. కిందికి దిగి గుంత పలక మీద చెవి పెట్టాను. లోపల ఇసుక తాగుతున్న శబ్దం. ప్రహరీ అవతల, బావి దగ్గర, కార్యదర్శి గంట వాయించి హారతి ఇస్తున్నాడు.

అంటే అంతకుముందు మా ట్యాంకు పొంగినప్పుడల్లా ఆయన అరిచేవాడు, నేను ఎక్కి బంతికి ఒక తట్టు తట్టి వచ్చేవాణ్ణి. ఆయన నోరే మా ట్యాంకుకు గంట. ఆ నోరు లేవకుండా నేను గొట్టం తిప్పించాను. నోరు లేవలేదు. అక్క వచ్చిన రోజుల్లోనే బంతి పగిలింది. పగలడానికి ఆ రోజులే దొరికాయి. రోజుకు ఇన్ని గంటలు ఆ నీళ్ళు మా మీటరు తిప్పి, మా మిద్దె ఎక్కి, మా గుంతలో ఇంకి, ఆయన బావిలో ఊరాయి. నేను ఆయన గోడ మీద చుక్క పడనివ్వకుండా జాగ్రత్తపడి, ఆయన బావి నింపాను. బిల్లు మాత్రం ఆయనే సంతకం పెట్టి నాకు పంపాడు.

బంతి మార్పించాను. గొట్టాన్ని మళ్ళీ బయటికి తిప్పించాను, ఈసారి నా వరండా మీద పడేటట్టు. వారం తిరక్కుండా కుర్చీ వీపు నీళ్ళలోంచి పైకి వచ్చింది. అప్పుడు పాత బంతి చేతిలో పట్టుకుని వెళ్ళి, కార్యదర్శికి మొత్తం వివరించాను. ఆయన బంతిని చెవి దగ్గర పెట్టి ఆడించి చూశాడు.

"అంటే నా కెణరుకు దిష్టి పెట్టింది నువ్వేనా?" అన్నాడు.

"అది నా నీళ్ళు."

"గంగమ్మ ఏ దోవన వస్తే ఏందప్పా? నీ మిద్దె ఎక్కి రావాలని ఆమెకు తోచింది. అది నీ అదృష్టం అనుకో."

"బిల్లు మాట అడగలేదు. ఆ రోజు గేటు దగ్గర మా అక్కను అన్నారే, దానికి జవాబు చెప్పండి."

"నేనేమన్నా సార్? జనరల్ గా అన్నాను" అన్నాడు. సార్ వచ్చేసింది. ఇక దానికి మించి రాదని తెలుసు. మూడో ఫిర్యాదు అక్కడే రాసిచ్చాను. ఎదురుగా పడ్డ ప్రతిసారీ అడిగాను. చేతి సంగతీ చెప్పాను. అప్పుడే సంబంధమేమిటని అడిగాడు.

ఆ ఆదివారం గుడియాత్తం బస్సెక్కాను. సంచిలో తగ్గిన మీటరు అంకెలు రాసుకున్న కాగితం, పగిలిన బంతి. అంగట్లో బావ గల్లాలో ఉన్నాడు. అక్క పక్కన స్టూలు మీద కూర్చుని పొట్లాలు కడుతోంది. కుడిచెయ్యి బల్ల ఎత్తులోనే పనిచేస్తోంది. ఎవరో కర్పూరం పెద్ద డబ్బా అడిగారు. అక్క లేచి, పైఅర వైపు చూసి, ఎడంచేత్తో అందుకోబోయి, అందక, కొనడానికి వచ్చినవాడినే, "నాయనా, నువ్వే తీసుకో" అంది. అతను గల్లా ఇవతలికి వచ్చి తీసుకున్నాడు. ఆ అంగట్లో పరాయివాడు గల్లా దాటి లోపలికి రావడం నేను ఎప్పుడూ చూడలేదు. బావ తల పక్కకు తిప్పుకున్నాడు. అక్క కొప్పు ఎవరు చుట్టారో, వదులుగా జారిపోయి ఉంది.

బల్ల మీద బంతి పెట్టి కథంతా చెప్పాను. గంగమ్మ మంగళవారం సెలవు పెట్టేదన్న చోట బావ కడుపు పట్టుకుని నవ్వాడు. అక్క మూతి కూడా కాస్త కదిలింది. బంతిని వేలితో దొర్లించింది. లోపలి నీళ్ళు బుడబుడమన్నాయి.

"ఇదా నా మడి తాగిన నీళ్ళు" అంది.

"రా అక్కా. ఆసుపత్రిలో నీ కార్డు నెలాఖరు దాకా ఉంచుతారంట. మానేసిన వారాలు కలిపి చేయిస్తారంట. నేను అడిగి వచ్చినాను."

"నీ ట్యాంకి బాగైంది, సరి. వీధిలో ఆడ నిలబడి నవ్వినారే, వాళ్ళ చెవుల్లో ఏముండాది? ఆ ముసలామె మునిగి మునిగి నీళ్ళు కాజేసింది అనే గదా. నేను మళ్ళా ఆ సందులో నడిచి స్నానాలగదికి పోతే, ఇదో పోతా ఉండాది అనుకోరా?"

"అనుకోరు."

"నువ్వు చెప్తే సాలదు. అన్నవాడు చెప్పాల."

"అతను చెప్పడు అక్కా. ఎవరికీ జవాబు చెప్పే మనిషి కాదు."

"అడుగు. అడిగేది నీకు చేతనవును గదా" అంది. పొట్లం దారం పళ్ళతో తెంపుతూ, "కుంకుమ సంగతి నేనూ అమ్మవారూ చూసుకుంటాం. దాంట్లో నువ్వు రావద్దు. బక్కెట్ల సంగతి నీకు నువ్వే ఆలోచించుకో" అంది.

బావ నన్ను బస్టాండు దాకా దింపాడు. దోవలో, "రాత్రిళ్ళు నొప్పికి కూర్చోనే ఉంటాది. నన్ను లేపదు" అన్నాడు. మామూలుగా బావ ఇలాంటివి చెప్పడు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె అంతా విని, "పక్కింటాయన చెప్తే వస్తాదా, మీరు చెప్తే వస్తాదా? ఆ స్టూలు మీద కూర్చునింది ఆయన కాదు గదా" అంది. ఆ ప్రశ్న సంఘానికి సంబంధించినది కాదు కనుక ఇక్కడ రాయడం లేదు. మళ్ళీ గుడియాత్తం వెళ్ళినప్పుడు దానికి నేనే జవాబు చెబుతాను. స్టూలు మాత్రం మిద్దె మీదికి మార్చాను. రోజూ నీళ్ళు వచ్చే వేళకు అక్కడే కూర్చుని బంతిని చూస్తున్నాను.

కార్యదర్శి గారూ, ఇది మీకు ఎవరైనా చదివి వినిపిస్తారనే నమ్మకంతో రాస్తున్నాను. బిల్లులో మిగులు తిరిగి ఇవ్వమని అడగడం లేదు. బావి నింపినందుకు కృతజ్ఞత అడగడం లేదు. పేరుపెట్టిన రోజు నా జబ్బు గురించి మీరన్న మాట నాకు గుర్తుంది, గుర్తుంటుంది, దానికీ జవాబు అడగడం లేదు. మీరు మా గేటు దగ్గర, కూరగాయల బండి ముందు, నలుగురు వినేటట్టు ఒక మాట అన్నారు. అదే గేటు దగ్గర, అదే బండి వచ్చే వేళకు, అంతే గట్టిగా ఇంకొక మాట అనాలి. "ఆ నీళ్ళు ఆమె వాడలేదు, నా బావిలోకి పోయినాయి" అని. అప్పుడు నేను ఫోను పట్టుకుని పక్కన నిలబడతాను, అక్క అంగట్లోంచి వింటుంది. తర్వాతి బస్సుకు బయల్దేరుతుందో లేదో ఆమె ఇష్టం. అదీ మీ బాధ్యత అనడం లేదు.

నెలాఖరు దగ్గరికి వచ్చింది. భుజం ఒకసారి బిగుసుకున్నాక మీరు చెప్పినా, నేను చెప్పినా వినదు. మీ అమ్మవారికి లాగా నాకు సెలవు రోజు లేదు. మంగళవారం కూడా గేటు దగ్గరే ఉంటాను. వచ్చి జవాబు చెప్పండి.